అమ్మా, ఇల్లు పట్టుకో!

పిల్లలు కళ్లు తిరుగుతున్నాయంటే గ్లూకోజు నీళ్లు కలుపుతాం, దిష్టి తీస్తాం, స్కానింగ్‌కి పరిగెడతాం. 'ఏం తిరిగింది నాన్నా?' అని మాత్రం అడగం.

వాడికి నాలుగేళ్లు. మా పక్కవాటాలో ఉంటారు. ఆ సాయంత్రం మా వరండాలో ప్లాస్టిక్ లారీ తోసుకుంటూ ఆడుతున్నవాడు ఉన్నట్టుండి లారీ వదిలేశాడు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. రెండడుగులు పక్కకి తూలి, వాళ్లమ్మ మోకాళ్లని వాటేసుకుని, "అమ్మా, ఇల్లు పట్టుకో, పడిపోతోంది!" అన్నాడు.

ఎత్తుకుంటే మెడచుట్టూ చేతులు బిగించేశాడు. కళ్లు తెరవమంటే తెరవడు. దించబోతే ఒకటే కేకలు. ఓ వాంతి చేసుకున్నాడు. రెండు నిమిషాలో, మూడు నిమిషాలో గడిచాయి. మెల్లగా కళ్లు తెరిచి, చుట్టూ ఓసారి చూసి, చంకలోంచి జారి దిగి లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఐదుగురు పెద్దవాళ్లం ఒకరి మొహాలొకరం చూసుకుంటూ నిలబడ్డాం. నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. తాతయ్య నులిపురుగులన్నాడు. తండ్రేమో మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదన్నాడు. వాడన్న మాటని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

పదిహేను రోజులు తిరక్కుండా మా మేనకోడలు బళ్లో పడిపోయింది. పదమూడేళ్ల పిల్ల, ఎనిమిదో తరగతి. ఆగస్టు 15 కోసం మైదానంలో రిహార్సల్ జరుగుతోంది, నలభై నిమిషాలుగా వరసలో నిలబడి ఉంది. పిల్ల పడిందని ఫోనొచ్చేసరికి మా చెల్లెలు వంటింట్లో పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తింది.

ఇద్దరి ఆసుపత్రి చీటీల మీదా రాసింది ఒకటే మాట, కళ్లు తిరగడం అని. ఆ ఇద్దరికీ జరిగినవాటికి ఎక్కడా పోలికే లేదని నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది.

మాటలు మన దగ్గరే ఉన్నాయి

'కళ్లు బైర్లు కమ్మాయి' అని మా అమ్మమ్మ అంటే అది లేవగానే కళ్లముందు చీకట్లు పరుచుకోవడం. 'తల గిర్రున తిరిగింది' అంటే చుట్టూ ఉన్నవి తిరిగినట్టు కనపడటం. 'ఒళ్లు తూలుతోంది' అంటే తలలో ఏమీ లేదు, కాలు నిలవడం లేదు. 'తల దిమ్ముగా ఉంది' అంటే ఇదీ అని చెప్పలేని మత్తు. 'సొమ్మసిల్లింది' అంటే సరేసరి. ఇన్ని మాటలుండీ, డాక్టరు ముందు కూర్చునేసరికి "కళ్లు తిరుగుతున్నాయంట సార్" అన్న ఒక్కదాంట్లో అన్నీ కలిపేస్తాం.

1972లో డ్రాక్‌మన్, హార్ట్ అనే వైద్యులు ఇలాంటి ఫిర్యాదులతో వచ్చేవాళ్లని ఎలా పరీక్షించాలో చెబుతూ ఒక వ్యాసం రాశారు. తల తిరుగుడుని అందులో నాలుగు రకాలుగా విడదీశారు. చుట్టూ ఉన్నవి తిరగడం, స్పృహ తప్పబోతున్నట్టు ఉండటం, నిలకడ తప్పడం, ఇదీ అని తేల్చలేని దిమ్ము. వైద్య విద్యార్థులు ఏళ్ల తరబడి చదువుకున్న విభజన అది. అమ్మమ్మ మాటలు ఆ నాలుగు గదుల్లోకీ ఎంత చక్కగా సర్దుకుంటాయో చూడండి. ఇప్పటి వైద్యులు దీనికి ఇంకో రెండు ప్రశ్నలు జోడిస్తారు. ఎంతసేపు ఉంది? ఏం చేస్తుంటే వచ్చింది? క్షణాలా, నిమిషాలా, గంటలా? లేచి నిలబడినప్పుడా, పరిగెడుతున్నప్పుడా, మంచంలో పక్కకి తిరిగినప్పుడా? జబ్బుని పట్టిచ్చే ఆనవాళ్లు చాలావరకు ఈ జవాబుల్లోనే దొరుకుతాయి.

చిన్నపిల్లలకి ఈ ప్రశ్నలు వేసేదెలా? మా ఊళ్లో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గర చూశాను. నాలుగేళ్లవాణ్ని బల్ల మీద కూర్చోబెట్టి, తన కుర్చీని వాడి ముందుకి లాక్కుని, "నువ్వు తిరిగావా నాన్నా, గోడ తిరిగిందా?" అని అడిగారు. వాడు గోడ వైపు వేలు చూపించాడు. "తీర్థంలో రంగులరాట్నం దిగాక ఉంటుందే, అలాగా? లేకపోతే టీవీ కట్టేస్తే నల్లగా అయిపోతుందే, అలాగా?" వాడు కాసేపు ఆలోచించి, "రాట్నం" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆవిడ సగం దారి నడిచేశారు.

ఒప్పులకుప్ప ఆగిన తర్వాత

గోడ తిరగడమంటే ఏమిటో తెలియాలంటే ఒప్పులకుప్ప గుర్తు చేసుకోవాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు అడ్డంగా పెనవేసి పట్టుకుని, పాదాలు దగ్గరికి చేర్చి, వెనక్కి వాలి గిరగిరా తిరుగుతారు. ఆపేశాక కూడా వాకిలి తిరుగుతూనే ఉంటుంది. కొబ్బరిచెట్టు పక్కకి ఒరుగుతుంది. పిల్లలు కిందపడి నవ్వుతారు.

లోపలి చెవిలో మూడు అర్ధవలయ నాళాలున్నాయి. ఒక గదిలో రెండు గోడలూ నేలా కలిసే మూలని ఊహించుకుంటే, ఆ మూడూ ఎలా ఉంటాయో ఈ నాళాలూ ఒకదానికొకటి అలా అమరి ఉంటాయి. వాటినిండా ద్రవం. తల తిరిగితే నాళం తిరుగుతుంది, ద్రవం కొంచెం వెనకబడుతుంది, ఆ తేడాని అక్కడి సన్నటి రోమకణాలు కనిపెట్టి మెదడుకి చెబుతాయి. ఒప్పులకుప్ప ఆపినప్పుడు ఒళ్లు ఆగుతుంది, ద్రవం ఆగదు. ఇంకా తిరుగుతున్నామనే చెవి చెబుతుంది, ఆగిపోయామని కాళ్లు చెబుతాయి. తగువు తీర్చలేక మెదడు వాకిలిని తిప్పుతుంది. ఈ మూడు నాళాల పక్కనే రెండు చిన్న సంచులుంటాయి. వాటిలో సున్నపు రవ్వల్లాంటి స్ఫటికాలు. ఏది కిందో ఏది పైనో, బండి ముందుకి కదిలిందో ఆగిందో చెప్పేది అవే.

చెవికీ కంటికీ ఉన్న పొత్తు తెలియాలంటే ఈ పేజీని కదపకుండా పట్టుకుని, తలని అటూ ఇటూ ఊపుతూ ఈ వాక్యం చదవండి. అక్షరాలు నిలకడగానే ఉంటాయి. ఇప్పుడు తల కదపకుండా పేజీని అదే వేగంతో ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. తల కదిలినప్పుడల్లా కన్ను దానికి ఎదురు కదిలి చూపుని నిలబెట్టేది చెవి పంపే కబురుతోనే. ఆ కబురు తప్పుగా వస్తే నల్లగుడ్లు ఒక పక్కకి జారి, టక్కున వెనక్కి కొట్టుకుంటూ ఉంటాయి. పిల్లవాడు ఇల్లు పడిపోతోందంటున్నప్పుడు వాడి కళ్లలోకి చూసి ఉంటే మాకు అది కనపడేదేమో.

ఈ సంగతి బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. వియన్నాలో రాబర్ట్ బారనీ అనే చెవి డాక్టరు రోగుల చెవులు నీళ్లతో కడిగేవాడు. కొందరికి తల తిరిగేది. ఒక రోగి, నీళ్లు చల్లగా ఉంటేనే తనకిలా అవుతోందనీ, ఇంట్లో గోరువెచ్చటి నీళ్లతో కడుక్కుంటే ఏమీ కాదనీ చెప్పాడు. ఇంకోసారి నీళ్లు మరీ వేడిగా ఉన్నాయి. అప్పుడూ తల తిరిగింది, కళ్లు మాత్రం ఎదురు దిక్కుకి కొట్టుకున్నాయి. వేడికి ద్రవం ఒకవైపు, చల్లదనానికి ఇంకోవైపు కదులుతోందని బారనీకి తట్టింది. చెవిలోని తూకాన్ని పరీక్షించే పద్ధతి అలా పుట్టింది. దానికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. అంత పెద్ద విషయం రోగి నోటి నుంచి వచ్చిన మామూలు మాటతో మొదలైంది. డాక్టరు ఆ మాట విన్నాడు.

మా పక్కింటి పిల్లవాడికి చెవులు చూశారు, వినికిడి చూశారు. నడిపించారు, ఒంటికాలి మీద నిలబెట్టారు, కంటి లోపల లైటు వేసి చూశారు. అన్నీ బాగున్నాయి. తర్వాత డాక్టరమ్మ వాడి తల్లిని అడిగారు. "మీకు తలనొప్పులొస్తాయా అమ్మా?" వస్తాయి. నెలకోసారి, ఒకపక్క, వాంతితో. గది చీకటి చేసుకుని పడుకుంటుంది. ఆవిడ తల్లికీ అంతేనట. డాక్టరమ్మ తలూపారు.

వాడికి వచ్చినదాన్ని 1964లో బాసర్ అనే వైద్యుడు వర్ణించాడు. పిల్లల్లో ఏ హానీ చెయ్యకుండా వచ్చిపోయే తల తిరుగుడు. 2021లో వైద్యసంఘాలు దీనికి 'రికరెంట్ వర్టిగో ఆఫ్ చైల్డ్‌హుడ్' అని పేరు మార్చాయి. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. ఆడుకుంటున్న పిల్లలు ఉన్నట్టుండి భయపడిపోయి దేన్నో ఒకదాన్ని పట్టుకుంటారు. కాసేపటికి మామూలైపోతారు. ఇది మైగ్రేన్‌కి చుట్టం. ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే తగ్గిపోతుంది. వీళ్లలో కొందరికి పెద్దయ్యాక మైగ్రేన్ తలనొప్పులు రావచ్చు. పెద్దపిల్లల్లో మైగ్రేనే నేరుగా తల తిరుగుడుగా రావడం కూడా మామూలే. పిల్లల్లో గిర్రున తిరగడానికి ముఖ్యకారణాలేమిటని అడిగితే వైద్యులు మొదట చెప్పేవి ఈ రెండే. పెద్దవాళ్లలో తరచూ కనిపించే స్ఫటికాల జారుడు, అంటే మంచంలో పక్కకి తిరగ్గానే లోకం తలకిందులయ్యే రకం, పిల్లల్లో అరుదు.

మందేమీ రాయలేదు. నిద్రా తిండీ వేళకి ఉండాలన్నారు. మళ్లీ వస్తే పడి దెబ్బ తగలకుండా పట్టుకుని కూర్చోమన్నారు. వీలైతే ఫోన్లో వీడియో తియ్యమన్నారు, అదీ కళ్లు కనపడేలా. తల్లి మొహంలో వెలుగు వచ్చింది. మందుల షాపులో అడిగి తెచ్చిన వాంతుల బిళ్లలు ఆమె సంచీలో ఉన్నాయి. డాక్టరమ్మ ఆ అట్ట చూసి పక్కన పెట్టించేశారు. పెద్దవాళ్లకి తల తిరుగుడుకి వాడే ప్రోక్లోర్‌పెరజీన్ లాంటి మందులతో పిల్లలకి మెడ, దవడ మెలితిరిగి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో తాతగారి డబ్బాలోని బిళ్లని సగం విరిచి పిల్లలకి ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది కాబట్టి ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను.

కుర్చీలో కూర్చోబెట్టారు

మేనకోడలి విషయం వేరు. ఆ పిల్ల తర్వాత తీరిగ్గా చెప్పింది. మొదట చెవుల్లో గుయ్‌మని మోత. మైకులో మాస్టారి గొంతు దూరంగా, బావిలోంచి వస్తున్నట్టు. కడుపులో తిప్పు. మెడ వెనక చల్లటి చెమట. ఎదురుగా కట్టిన జెండా రంగులు వెలిసిపోతూ వెలిసిపోతూ పాత ఫొటోలా అయిపోయాయి. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు.

ఇందులో తిరిగినది ఏదీ లేదు. ఇది సొమ్మసిల్లడం. వైద్యులు వేసోవేగల్ సింకోప్ అంటారు. కౌమారం దాటేలోగా వందమంది పిల్లల్లో సుమారు 15 మంది ఒక్కసారైనా ఇలా పడతారని అంచనా. నిలబడినప్పుడు అర లీటరుకు పైగా రక్తం ఒంటి కింది భాగానికి దిగుతుంది. కాళ్లు కదుపుతుంటే పిక్కల కండరాలు దాన్ని పైకి తోస్తాయి. కదలకుండా నిలబెడితే తొయ్యవు. ఎండకి రక్తనాళాలు ఇంకా వదులవుతాయి. ఒంట్లో నీళ్లు తక్కువుంటే చెప్పనక్కర్లేదు. ఒక హద్దు దాటాక నాడుల్లో మీట నొక్కినట్టు గుండె వేగం తగ్గిపోతుంది, బీపీ పడిపోతుంది. మెదడుకి ఏడెనిమిది సెకన్లు రక్తం అందకపోతే స్పృహ నిలవదు.

పడిపోవడమే అప్పటికి శరీరం చేసుకునే వైద్యం. ఒళ్లు నేల మట్టానికి వచ్చిందంటే రక్తం తలకి తేలిగ్గా అందుతుంది. క్షణాల్లో తెలివి వస్తుంది. అక్కడ జరిగిందేమిటంటే, పాపం కంగారులో, పిల్లని లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. తల మళ్లీ పైకి వెళ్లింది. మళ్లీ స్పృహ తప్పింది. ఈసారి చేతులు రెండు మూడుసార్లు ఎగిరిపడ్డాయి. ఎవరో "ఫిట్స్!" అన్నారు. చేతిలో తాళాలగుత్తి పెట్టారు. నోట్లో నీళ్లు పోశారు.

ఆ గుంపులో ఏ ఒక్కరిదీ దురుద్దేశం కాదు. అందరూ ఆ పిల్ల మీద ప్రేమతో చేసినవే. పడుకోబెట్టి, కాళ్లు బల్ల ఎత్తుకో సంచీ ఎత్తుకో పైకి పెట్టి, చుట్టూ మూగిన వాళ్లని పక్కకి జరిపి, బెల్టూ టై వదులు చేస్తే చాలని ఎవరైనా చెప్పి ఉంటే అదే చేసేవాళ్లు. పూర్తిగా తెలివొచ్చేదాకా నోట్లో చుక్క నీరు పోయకూడదు. లేచాక కూడా పది నిమిషాలు పడుకుని, కాసేపు కూర్చుని, ఆ తర్వాతే నిలబడాలి. ప్రతి పీఈటీ మాస్టారికీ, ప్రతి హాస్టల్ వార్డెన్‌కీ ఇది నేర్పాలి. అరగంట పని.

తీసుకెళ్లిన ఆసుపత్రిలో తలకి సీటీ స్కాన్ తీశారు. సెలైన్ పెట్టారు. పొద్దున ఏం తిన్నావని గానీ, పడేముందు ఏమనిపించిందని గానీ పిల్లని అడగలేదు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. ఏమీ లేనిదానికి పిల్ల ఎందుకు పడిందో మాత్రం చెప్పలేదు. సీటీ స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది. పెద్దల కంటే పిల్లల ఒంటికి అది ఎక్కువ చేటు. మామూలుగా సొమ్మసిల్లిన పిల్లలకి దాని అవసరం దాదాపు ఉండదు. కావలసినవి వివరంగా అడగడం, పడుకోబెట్టీ నిలబెట్టీ బీపీ చూడటం, గుండె వినడం, ఒక ఈసీజీ. స్కాన్ ఖర్చులో ఈసీజీ ఎన్నో వంతు!

నాలుగు రోజుల తర్వాత అదే డాక్టరమ్మ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి అడిగితే సంగతులన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. పొద్దున టీ తాగి బయల్దేరింది. టిఫిన్ సహించలేదు. నెలసరి రెండో రోజు. బడికెళ్లాక సాయంత్రం దాకా నీళ్లు తాగదు. ఎందుకు తాగవు తల్లీ అంటే వాళ్లమ్మ వైపు చూసి తలొంచుకుంది. బాత్రూములు బాగుండవు. బడిలో ఆ అవసరం రాకుండా చూసుకుంటుంది. ఒక్క తనే కాదు, తన క్లాసులో ఆడపిల్లలు చాలామంది అంతేనట.

దాని గురించి రాయకుండా కళ్లు తిరగడం గురించి ఎంత రాసినా లాభం లేదు. నీళ్లు తాగడానికి బడిలో గంట కొట్టే పద్ధతి కేరళలో 2019లో మొదలై, ఆ తర్వాత ఎన్నోచోట్లకి పాకింది. మంచిదే. కానీ గంట కొడితే సరిపోదు. తాగిన నీళ్లకి తలుపు గడియా, నీళ్ల కుళాయీ ఉన్న చోటు ఒకటి ఉండాలి.

వేలికొన మీద బొట్టు రక్తం తీసి చూస్తే మేనకోడలికి హిమోగ్లోబిన్ తొమ్మిది. ఉండాల్సింది పన్నెండు. ఇందులో ఆ పిల్ల ఒంటరి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. రక్తహీనత ఒక్కటే మనిషిని పడెయ్యకపోవచ్చు. ఎండా, ఆకలీ, దాహం ఉన్నచోట అదీ వచ్చి కలిస్తే నిలబడే ఓపిక పోతుంది. బళ్లలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ల దీనికోసమే. కడుపులో తిప్పుతోందని పిల్లలు దాన్ని కిటికీలోంచి పారేస్తారు. ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పడం సహజం. అన్నం తిన్నాక వేసుకోవాలి. విరేచనం నల్లగా వస్తే భయం లేదు. టీ, కాఫీలు మాత్రం దాని దరిదాపుల్లో ఉండకూడదు, ఒంటికి ఇనుము పట్టనివ్వవు. నిమ్మకాయ, ఉసిరి, జామ పట్టనిస్తాయి.

చంటిపిల్లల్లో ఇనుము సంగతి ఇంకో రూపంలో బయటపడుతుంది. గుక్కపట్టడం. దెబ్బ తగిలో, బొమ్మ లాక్కుంటేనో ఏడుపు మొదలుపెట్టిన పిల్ల ఊపిరి బయటికి వదిలేసి మళ్లీ తీసుకోదు. పెదాలు నీలంగా మారతాయి, ఒళ్లు వాలిపోతుంది. చూసేవాళ్ల పైప్రాణాలు పైనే పోతాయి. ఆరు నెలల తర్వాత మొదలై ఐదారేళ్లకల్లా పోతుంది. ప్రాణాపాయం ఉండదు. వీళ్లలో చాలామందికి ఇనుము తక్కువగా ఉంటుంది, ఐరన్ చుక్కల మందుతో గుక్కలు తగ్గడం వైద్యులు చూస్తున్నారు. ఏడిస్తే గుక్కపడుతుందని అడిగిందల్లా ఇచ్చేకంటే ఓసారి రక్తపరీక్ష చేయించడం మేలు.

పరిగెడుతూ పడితే

ఇంతవరకు చెప్పినవి భయపడక్కర్లేనివి. ఇప్పుడు చెప్పేది వేరు.

నిలబడి నిలబడి పడిపోయిన పిల్లకీ, పరుగు మధ్యలో పడిపోయిన పిల్లకీ చాలా తేడా ఉంది. ఆటలో, ఈతలో, మెట్లు ఎక్కుతుండగా, ఏ ముందు సూచనా లేకుండా పడితే అది గుండె నుంచి వచ్చి ఉండవచ్చు. గుండె దడదడలాడాక పడినా, ఛాతీ నొప్పి ఉన్నా, అలారం మోతకో టపాకాయ చప్పుడుకో ఉలిక్కిపడి స్పృహ తప్పినా, పడుకుని ఉండగా తప్పినా ఆలస్యం చెయ్యకూడదు. ఇంట్లో, దగ్గరి చుట్టాల్లో నలభై ఏళ్లలోపు ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా అని గుర్తుచేసుకోవాలి. ఈత బాగా వచ్చినవాడు చెరువులో మునిగిపోయాడన్న పాత కథ కూడా డాక్టరుకి చెప్పాలి.

1957లో నార్వేలో జెర్వెల్, లాంగె నీల్సన్ అనే వైద్యులు ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురు పుట్టుచెవుడు వాళ్లు. ఆ నలుగురూ ఉన్నట్టుండి స్పృహ తప్పేవాళ్లు. వాళ్లలో ముగ్గురు చిన్నవయసులోనే అలా పడి మళ్లీ లేవలేదు. ఈసీజీలో వాళ్ల గుండె ఒక్కో కొట్టుకోలు తర్వాత మళ్లీ సిద్ధం కావడానికి మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకుంటోందని కనపడింది. లాంగ్ క్యూటీ అంటారు. చెవుడుతో కలిసి వచ్చే ఈ రకం, తల్లీతండ్రీ ఇద్దరి దగ్గర్నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది. రక్తసంబంధాల్లో అది అందే అవకాశం ఎక్కువ. మేనరికాలు తరతరాలుగా ఉన్న మన ఇళ్లలో ఇది అందరికీ తెలిసి తీరాలి. పుట్టుచెవుడున్న పిల్లకి ఈసీజీ తియ్యాలి. అలాంటి పిల్ల ఒక్కసారి స్పృహ తప్పినా ఆ రోజే తియ్యాలి. పది నిమిషాల పని. జబ్బని తేలితే రోజూ వేసుకునే మందులున్నాయి, అవసరమైతే లోపల అమర్చే పరికరమూ ఉంది. తేలకపోతే మాత్రం ఆ పిల్లకి రెండో అవకాశం రాకపోవచ్చు.

మూర్ఛకీ సొమ్మసిల్లడానికీ మధ్య తడబాటు ఇంకోటి. సొమ్మసిల్లినవాళ్లలో కూడా చేతులు కొన్నిసార్లు ఎగిరిపడతాయి, మా మేనకోడలికి పడినట్టే. అది చూసి మూర్ఛ అని ముద్రవేస్తే పిల్లలు ఏళ్ల తరబడి అక్కర్లేని మందులు మింగుతారు, పెళ్లిచూపుల దాకా ఆ ముద్ర వెంటపడుతుంది. సొమ్మసిల్లిన పిల్ల తెలివొచ్చిన నిమిషంలో నీ పేరు, నా పేరు చెబుతుంది. మూర్ఛ వచ్చిన పిల్ల చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉంటుంది, నాలుక పక్కన కొరుక్కుని ఉండవచ్చు. చూసినవాళ్ల సాక్ష్యం, ఫోన్‌లో తీసిన అరనిమిషం వీడియో ఇక్కడ ఎంతో విలువైనవి. నిజంగా మూర్ఛే అయితే పక్కకి ఒత్తిగిల్లబెట్టి, చేతిలో తాళాలూ ముక్కు దగ్గర ఉల్లిపాయలూ లేకుండా, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా, వాళ్లలో పిల్లలూ ఉన్నారు, రోజుల వ్యవధిలో ఆసుపత్రి పాలయ్యారు. కళ్లు తిరిగి పడిపోతున్నారని మొదటి వార్తలు. దగ్గర నుంచి చూసిన వైద్యులు చాలామందికి వస్తున్నది ఫిట్స్ అన్నారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల అవశేషాలే ముఖ్యకారణం కావచ్చని తర్వాత నిపుణులు చెప్పారు. ఒకే చోట ఒకేసారి పదిమంది పిల్లలకి కళ్లు తిరిగితే తిన్నదీ తాగినదీ పీల్చినదీ వెతకాలి.

తలలో గడ్డ ఉందేమోనన్న భయం ప్రతి తల్లికీ వస్తుంది. అది చాలా అరుదు. దాని ఆనవాళ్లు కూడా వేరు. తెల్లవారి లేవగానే తలనొప్పీ వాంతీ, రోజురోజుకీ పెరిగే తూలుడు, తల ఒక పక్కకి వంచి పెట్టుకోవడం, ఒకటి రెండుగా కనపడటం, చక్కగా రాసే పిల్ల చేతిరాత చెడిపోవడం. ఇవి ఉంటే స్కాన్ కావాలి, వెంటనే కావాలి. తలకి దెబ్బ తగిలిన తర్వాత మొదలైన తిరుగుడు కూడా ఆగాల్సింది కాదు.

చెప్పని పిల్లలు

చిన్నపిల్లల్లో తరచూ కనిపించే కారణం ఇంకొకటుంది. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరడం. వీళ్లు కళ్లు తిరుగుతున్నాయని చెప్పరు. ఊరికే తూలతారు, తలుపుకి తగులుకుంటారు, టీవీ సౌండ్ పెంచుతారు. ఇంట్లో వాళ్లు పరధ్యానం అనుకుంటారు. పుట్టుకతోనే లోపలిచెవి తూకం పోయిన పిల్లలైతే అసలు ఫిర్యాదే చెయ్యరు, వాళ్లకి స్థిరమైన లోకం ఎలా ఉంటుందో తెలియదు కదా. ఆలస్యంగా నడుస్తారు, చీకట్లో పడతారు. కళ్లద్దాలు అవసరమై పెట్టుకోని పిల్లలు సాయంత్రానికి తల దిమ్ముగా ఉందంటారు.

తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకునే పిల్లలది జబ్బే కాదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ప్రయాణపు తిప్పుడు ఎక్కువ. మలుపు తిరిగామని చెవి అంటుంది, ఎదురుగా సీటు వెనకభాగం కదలకుండా ఉందని కన్ను అంటుంది. అద్దంలోంచి దూరంగా కొండని చూడనివ్వాలి, చేతిలోంచి ఫోన్ తీసేయాలి.

ఇంటర్ హాస్టళ్ల పిల్లల సంగతి మనసుని ఎక్కువ కలచివేస్తుంది. తెల్లవారకముందే స్టడీ అవర్, నిద్ర చాలదు, టిఫిన్ వదిలేస్తారు, పరీక్ష ముందు ఊపిరి వేగంగా తీస్తూ వేళ్లు తిమ్మిర్లెక్కి తల తేలిపోతోందంటారు. నెలల తరబడి లేచి నిలబడితే చాలు గుండె పరిగెత్తే పిల్లలూ ఉన్నారు. ఈ వయసులో నిలబడిన పది నిమిషాల్లోపు నాడి నిమిషానికి 40కి పైగా పెరిగితే దానికి పాట్స్ అనే పేరూ, వైద్యమూ ఉన్నాయి. వీళ్లకి పరీక్షలన్నీ బాగానే వస్తాయి. బాగానే వచ్చాయి కాబట్టి నటిస్తున్నారంటారు. ఆ మాట ఎవరూ అనకూడదు. ఆందోళనతో వచ్చిన తిరుగుడులో కూడా పిల్లకి నేల నిజంగానే కదులుతుంది.

పక్కింటివాడికి ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. ఇప్పుడు వాళ్లమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంటుంది, వాణ్ని ఒళ్లో పెట్టుకుని, "పట్టుకున్నా నాన్నా, ఇల్లు పట్టుకున్నా" అంటుంది. వాడు కేకలు పెట్టడం మానేశాడు.

మేనకోడలు పొద్దున రెండు ఇడ్లీలైనా తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి బయల్దేరుతోంది. నిలబడి ఉన్నప్పుడు కాళ్లు పెనవేసి బిగించడం, పిడికిళ్లు నొక్కడం డాక్టరమ్మ నేర్పారు. మొన్న దసరా సెలవల ముందు ప్రార్థనలో చెవుల్లో మళ్లీ ఆ గుయ్‌ మొదలైందట. వెంటనే గొంతుక్కూర్చుని షూ లేసు విప్పి, మెల్లగా మళ్లీ కట్టుకుంది. రంగులు తిరిగొచ్చాక లేచి నిలబడింది. "మాస్టారు ఏమీ అనలేదా?" అని అడిగాను. "లేదు మామయ్యా. నా వెనక అమ్మాయి కూడా లేసు కట్టుకుంది" అంది.